బిట్లు కాలిపోతున్నాయి, బాబాయికి ఎలా చెప్పాలో తెలీట్లేదు

ఈ వారం ఉత్తరం గోదావరి వైపు ఒక చిన్న టౌన్ నుంచి వచ్చింది, పేరూ ఊరూ వెయ్యొద్దన్నాడు కాబట్టి వెయ్యట్లేదు. వయసు 27. మెకానికల్ డిప్లొమా మధ్యలో ఆగిపోయింది, మూడు సబ్జెక్టులు మిగిలాయట. చిన్నప్పుడే నాన్న పోతే బాబాయే పెంచాడు, పనీ ఆయనే నేర్పాడు, ఇప్పుడు ఇద్దరూ కలిసే చేస్తున్నారు. కర్టెన్ రాడ్లు, గీజర్లు, టీవీలు గోడకి బిగించడం, అల్యూమినియం పార్టిషన్లు, మెట్లకి ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) రెయిలింగులు, ఏది వస్తే అది. పని బానే దొరుకుతోంది కానీ రెండు నెలల్లో మూడు దెబ్బలు తగిలాయని రాశాడు.

మొదటిది, గృహప్రవేశం ఇంకో నాలుగు రోజులుందనగా ఓ కొత్త ఇంట్లో బాత్రూం గోడకి టవల్ రాడ్ బిగిస్తుంటే విట్రిఫైడ్ టైలు రంధ్రం దగ్గర్నుంచి మూల దాకా చీలిపోయింది, ఇంటాయన చుట్టాలందరి ముందూ నానా మాటలు అని 6,500 పట్టేసుకున్నాడు. రెండోది ఎస్ఎస్ రెయిలింగు, ఒక్క రోజులో 11 డ్రిల్లు బిట్లు కాలిపోయాయి, పడిన రంధ్రాలు లెక్కపెడితే 14. మూడోది, ఓ అపార్ట్‌మెంట్లో తెల్ల బ్లాకుల గోడకి బిగించిన టీవీ స్టాండు వారం తిరక్కుండానే ముందుకి వాలింది, టీవీ కింద పడలేదు, అదే పదివేలు.

ఉత్తరంలో కొంచెం ఉన్నదున్నట్టు ఇస్తా. "బాబాయిని అడిగితే రెండే మాటలండి, ఒకటి బలం పెట్టరా అంటాడు, రెండోది ఇప్పుడొచ్చే బిట్లన్నీ డూప్లికేట్లు అంటాడు. అరిగినవి సాయంత్రం ఇంటికొచ్చాక గ్రైండర్ మీద తనే సానపడతాడు. ఒకప్పుడు ఆయన పట్టిన బిట్టు కొత్తదానికన్నా బాగా కోసేది, నా కళ్ళతో చూశాను. ఇప్పుడు వాటితో వేస్తే ఒక పక్కనుంచే లోహపు పొట్టు వస్తోంది, 5 ఎంఎం బిట్టు పెడితే రంధ్రం ఐదున్నర పడుతోంది, రివెట్టు కూర్చోట్లేదు. మా ఆవిడ విడిగా చేసుకోమంటోంది. ఓ ఫ్రెండు మాడ్యులర్ కిచెన్ల పనికి రమ్మంటున్నాడు. బాబాయికి చెబితే నొచ్చుకుంటాడు, చెప్పకపోతే నేను మునిగిపోతాను. ఖరీదైన మిషన్ ఈఎంఐలో తీసుకోమంటారా, షాపు మార్చమంటారా, బయటికి వచ్చేయమంటారా?" ఇదంతా అయ్యాక అడుగున చిన్న అక్షరాలతో ఇంకో లైను ఉంది. "బిట్ల డబ్బా తీస్తే సైజులు కూడా నేనే చదివి చెప్పాలి, అన్నిటికీ నేనే."

తమ్ముడూ, ఆ చివరి లైను నువ్వు విసుగులో రాసి పడేశావు గానీ నేను మాత్రం అక్కడే ఆగిపోయా. దాని సంగతికి తర్వాత వస్తా. ముందు ఒక మాట, నువ్వు ఈ మూడు దెబ్బలకీ దొంగ ఒక్కడే అనుకుని వెతుకుతున్నావు, అది మిషనా, షాపా, బాబాయా అని. నాకు ఉత్తరం చదివితే ముగ్గురు వేరువేరు దొంగలు కనపడుతున్నారు. అందులో రెండిటికి బాబాయి సానకీ ఏ సంబంధం లేదు. మూడోదాంట్లో సగం ఉంది. కాబట్టి విడిపోవాలా వద్దా అనే లెక్క ఇప్పుడే వెయ్యకు, ముందు ఈ మూడూ విడివిడిగా చూద్దాం.

టైలు సంగతి. బాత్రూం గోడకి మామూలుగా వేసే సిరామిక్ టైలు వేరు, విట్రిఫైడ్ వేరు. సిరామిక్ టైలు పైన గ్లేజు పొర గట్టిగా ఉంటుంది, లోపల మట్టి మెత్తగా, నీళ్ళు పీల్చేలా ఉంటుంది, ఈటె మొనలాంటి టైలు బిట్టు పెడితే గ్లేజు దాటగానే సాఫీగా దిగిపోతుంది. విట్రిఫైడ్ అలా కాదు, పైనుంచి కింద దాకా ఒకటే గట్టి, అర శాతం నీరు కూడా పీల్చదు, ఆ ఈటె బిట్టు దాని మీద పది నిమిషాలు తిరిగినా ఎర్రగా కాలి మొన గుండ్రంగా అయిపోతుంది తప్ప దిగదు. దిగట్లేదు కదా అని అప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారు, మిషన్‌ని హ్యామర్‌లోకి తిప్పి గోడ బిట్టు పెడతారు. మీరూ అదే చేసుంటారు, నువ్వు రాయలేదు గానీ రంధ్రం నుంచి మూలకి చీలిక వచ్చిందంటేనే తెలుస్తోంది. నిమిషానికి వేలల్లో చిన్న చిన్న సుత్తి దెబ్బలు, కింద సిమెంటు సరిగ్గా లేని టైలు మీద.

కింద సిమెంటు అంటున్నా చూడు, అది కూడా ముఖ్యమే. టైలు మేస్త్రీలు చాలామంది మధ్యలో ఒక ముద్ద, నాలుగు వైపులా తలో ముద్ద పెట్టి అతికించేస్తారు, మూలల దగ్గర ఖాళీ ఉండిపోతుంది. రంధ్రం వేసే ముందు వేలి కణుపుతో తట్టి చూడు, గట్టిగా టక్ అంటే కింద నిండుగా ఉంది, డొల్లగా డబ్ అంటే బోలు. బోలు చోట హ్యామర్ పెట్టడం అంటే గాజు పలకని సుత్తితో కొట్టడమే. రెండు అంగుళాలు జరిపితే గట్టి చోటు దొరుకుతుంది, టవల్ రాడ్ రెండు అంగుళాలు పక్కకి వెళ్తే ఆ ఇంటాయనకి వచ్చే నష్టం ఏమీ లేదు, ముందే అడిగితే.

విట్రిఫైడ్‌కి కావాల్సింది డైమండ్ కోర్ బిట్టు, గొట్టంలా ఉండి అంచుకి వజ్రపు రజను అతికించి ఉంటుంది. అది కొయ్యదు, అరగదీస్తుంది, అందుకే దానికి బలం పనికిరాదు, నీళ్ళు కావాలి. హ్యామర్ ఆఫ్. స్పీడు సగం కన్నా తక్కువ. నిలువుగా పెడితే జారిపోయి టైలంతా గీతలు పడతాయి కాబట్టి మొదట బిట్టుని కొంచెం వాల్చి ఆన్ చెయ్యి, నెలవంకలాగా చిన్న గాటు పడుతుంది, ఆ గాటులో నిలబెట్టి మెల్లగా నిటారుకి తెచ్చెయ్. ఇంకో పద్ధతి, చిన్న ప్లైవుడ్ ముక్కకి ఆ సైజు రంధ్రం వేసి గోడకి టేపుతో అతికించి దాంట్లోంచి దించడం. పక్కన ఇంకో మనిషి నీళ్ళ సీసా మూతకి బొక్క పెట్టి సన్నగా పోస్తూ ఉండాలి, మిషన్ లోపలికి నీళ్ళు పోకుండా. టైలు దాటింది అని చేతికే తెలుస్తుంది, శబ్దం మారుతుంది. అక్కడ ఆపి గోడ బిట్టు మార్చు, ఇక్కడే చాలామంది రెండోసారి టైలు పగలగొడతారు, ఎందుకంటే టైలుకి 6 వేసి లోపల గోడకి కూడా 6 బిట్టే హ్యామర్‌లో పెడితే ఆ బిట్టు ఊగి టైలు అంచుని కొడుతుంది. స్క్రూ పట్టే ప్లాస్టిక్ ప్లగ్గు 6 అయితే టైలులో 8 వెయ్యి, లోపల 6. రాడ్ తాలూకు బిళ్ళ ఎలాగూ దాన్ని కప్పేస్తుంది.

ఇందులో బాబాయి తప్పు ఎంత అంటావా? ఆయన పని నేర్చుకున్న రోజుల్లో బాత్రూం గోడలకి విట్రిఫైడ్ ఎవరు వేశారు చెప్పు. ఆయనకి తెలిసిన టైలు అప్పటి టైలు, దానికి ఆ పద్ధతి సరిపోయేది. ఇది తెలియకపోవడం, చేతకానితనం కాదు.

తెల్ల బ్లాకుల గోడ కూడా ఇదే కథ, కాకపోతే తిరగేసి. ఏఏసీ బ్లాకు, అంటే ఆ తెల్ల తేలిక బ్లాకు, లోపలంతా గాలి బుడగలే, గోరుతో గీకితే పొడి రాలుతుంది, దాని మీద హ్యామర్ పెడితే 8 బిట్టుకి 10 రంధ్రం, 10 బిట్టుకి పన్నెండు రంధ్రం పడి మామూలు ప్లగ్గు, మీ వైపు గట్టా అంటారేమో, అది లోపల గిరగిరా తిరుగుతుంది. మొదటి రోజు పట్టినట్టే ఉంటుంది, టీవీని అటూ ఇటూ తిప్పే కొద్దీ లోపల పొడైపోతుంది. దీనికి హ్యామర్ ఆపేసి మామూలు తిప్పుడుతో, ఒక సైజు తక్కువ బిట్టుతో వెయ్యి, బ్లాకుల కోసమే పొడవుగా రెక్కలతో వచ్చే ప్లగ్గులు అడిగి తీసుకో. బరువైన టీవీ, అందులోనూ ముందుకి లాగి తిప్పే స్టాండు అయితే రెండు దారులు. ఒకటి కెమికల్ యాంకరు, రంధ్రంలో జిగురు నింపి రాడ్ దించడం, గట్టిగా ఉంటుంది కానీ ఆరేదాకా ఆగాలి, ఖర్చూ ఎక్కువ, రెండోసారి వెళ్ళాల్సి రావచ్చు. రెండోది గోడకి అవతల వైపు నుంచి బోల్టు వేసి పెద్ద వాషరు పెట్టి బిగించడం, చవక, కానీ అవతలి గదిలో నాలుగు నట్లు కనపడతాయి, ఇంటావిడ ఒప్పుకోవాలి. ఏదైనా వాళ్ళని అడిగి చెయ్యి, డబ్బు వాళ్ళది, గోడ వాళ్ళది. ఆ వాలిన స్టాండు ఇంకా అలాగే ఉందా, సరిచేశావా అన్నది నువ్వు రాయలేదు, సరిచెయ్యకపోతే ఈ ఉత్తరం చదవడం ఆపి ముందు అక్కడికి వెళ్ళు.

ఇక ఎస్ఎస్. అసలు కథంతా ఇక్కడే ఉంది.

రెయిలింగులకి వాడే 304 రకం ఎస్ఎస్ పైపుకి ఒక పాడు గుణం ఉంది, రుద్దితే గట్టిపడుతుంది. మామూలు ఇనుము మీద మొద్దు బిట్టు కాసేపు రాసుకుంటూ కూర్చున్నా తర్వాత పదునుది పెడితే దిగిపోతుంది. ఎస్ఎస్ అలా ఊరుకోదు, మొద్దు బిట్టు కొయ్యకుండా రాసుకున్న ఆ పది సెకన్లలోనే రంధ్రం అడుగున అద్దంలాగా మెరిసే గట్టి పొర తయారవుతుంది, ఆ తర్వాత కొత్త బిట్టు పెట్టినా దాని మొన కూడా పోతుంది. పదకొండు బిట్లు ఎలా పోయాయో ఇప్పుడు అర్థమైందా, మొదటి బిట్టు రంధ్రాన్ని పాడుచేసింది, ఆ రంధ్రం మిగతా బిట్లని తినేసింది.

స్పీడు లెక్క ఒకటి వేద్దాం, డిప్లొమాలో చదివే ఉంటావు. 6 ఎంఎం బిట్టు ఒక్క చుట్టు తిరిగితే దాని అంచు సుమారు 18.8 ఎంఎం దూరం వెళ్తుంది. నీ మిషన్ మామూలు 13 ఎంఎం చక్ (బిట్టు పట్టే దవడలు) ఉన్నదైతే ఫుల్ స్పీడు నిమిషానికి 2800 చుట్ల దగ్గర ఉంటుంది. రెండూ గుణిస్తే నిమిషానికి దాదాపు 53 మీటర్లు. హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) బిట్టు, అంటే లోహానికి వాడే మామూలు బిట్టు, ఎస్ఎస్ మీద తట్టుకునేది 10 నుంచి 15 మీటర్లు. అంటే నాలుగైదు రెట్లు ఎక్కువ. ఇదే 6 బిట్టు మామూలు ఇనుముకి అయితే పాతిక ముప్పై మీటర్ల దాకా ఓర్చుకుంటుంది, అందుకే గ్రిల్లుల మీద కాస్త వేడెక్కినా నడిచిపోయింది, అల్యూమినియం అయితే అరవై కూడా లెక్కచెయ్యదు. ట్రిగ్గర్ ఒకే రకంగా నొక్కుతూ మూడు లోహాల మీదా పని చేస్తే రెండిటి మీద గెలిచి మూడోదాని మీద ఓడిపోతావు. ఎస్ఎస్ మీద 6 బిట్టుకి 600, 700 తిప్పుడు దాటనివ్వకు. లెక్క గుర్తుండకపోతే కంటితో చూడు, బిట్టు మీది మెలికలు తిరుగుతున్నట్టు కంటికి ఆనాలి, మసకగా ఒకటే గుండ్రటి కడ్డీలా కనపడిందంటే స్పీడు ఎక్కువైనట్టే. ఇది నేను పనిలో పెట్టుకున్న కొండగుర్తు, పుస్తకాల్లో వెతక్కు.

స్పీడు తగ్గించాక బలం మాత్రం పెట్టాలి, చూశావా, బాబాయి చెప్పిన మాట ఇక్కడ కరెక్టే. తక్కువ స్పీడు, ఎక్కువ ఒత్తిడి, ఆగకుండా. ఆయన సగం సూత్రం చెప్పాడు, మిగతా సగం మీ మిషన్ చెడగొట్టింది. పొట్టు చుట్టలు చుట్టలుగా వస్తుంటే కోస్తున్నట్టు, పొడిలాగా వచ్చి కీచుమంటే రుద్దుతున్నట్టు, కీచుమన్న క్షణమే తీసెయ్. నూనె తప్పదు, కటింగ్ ఆయిల్ ఉంటే మంచిది, లేకపోతే కొబ్బరినూనె రెండు చుక్కలు పెట్టినా వట్టిగా వేసేదానికన్నా వెయ్యి రెట్లు నయం. అల్యూమినియంకి కిరోసిన్ చాలు, లేకపోతే మెత్తటి లోహం మెలికల్లో అతుక్కుని బిట్టు మూసుకుపోతుంది.

బిట్టు ఏది కొనాలి అంటే ఎస్ఎస్‌కి కోబాల్ట్ కొను. మీద ఎం35 అని ఉంటే అయిదు శాతం కోబాల్ట్, ఎం42 అంటే ఎనిమిది. వేడికి ఎక్కువ ఓర్చుకుంటాయి, మొన కోణం కూడా మామూలు 118 డిగ్రీలు కాకుండా 135 ఉండి మధ్యలో చీల్చి ఉంటుంది, పైపు గుండ్రం మీద జారిపోదు. ధర రెండు మూడు రెట్లు ఉంటుంది, ఇంకో చిక్కు ఏంటంటే పెళుసు, చేత్తో పట్టుకుని వేసేటప్పుడు కొంచెం పక్కకి వాలిస్తే పుటుక్కుమంటుంది. కాబట్టి రెయిలింగులు నెలకి ఒకటో రెండో వస్తే 4, 5, 6 సైజుల్లో రెండేసి ఉంచుకో చాలు. బంగారు రంగు చూసి మోసపోకు, టైటానియం నైట్రైడ్ పూత నిజంగానే ఉపయోగం, కానీ ఒకసారి సానపట్టగానే మొన దగ్గర అది పోతుంది, ఇక చవక రకాల్లో అది వట్టి రంగే.

డూప్లికేట్ అన్న అనుమానం మీద షాపు మార్చడం దేనికి, ఇంట్లో గ్రైండర్ ఉంది కదా, నిప్పురవ్వలే చెబుతాయి. అనుమానం ఉన్న బిట్టు కోసే వైపు రాయికి ఆనించు, పక్కన నమ్మకమైన పాత హెచ్ఎస్ఎస్ బిట్టు ఒకటి ఆనించు. హెచ్ఎస్ఎస్ రవ్వలు ముదురు ఎరుపులో, తక్కువగా, బద్ధకంగా రాలతాయి. మామూలు కార్బన్ స్టీలు అయితే తెల్లగా, పసుపుగా, కాకరపువ్వొత్తిలాగా చిట్లుతాయి. హెచ్ఎస్ఎస్ దాదాపు 600 డిగ్రీల దాకా గట్టిదనం వదలదు, కార్బన్ స్టీలు 200, 250 దాటగానే మెత్తబడటం మొదలెడుతుంది, అందుకే అది నీలంగా మారితే పని అయిపోయినట్టే. ఈ పరీక్ష బాబాయి చేతే చేయించు, నువ్వు చెయ్యకు. డూప్లికేట్ అని తేలితే ఆయన మాట నెగ్గింది, షాపు మార్చండి. కాదని తేలితే నువ్వు ఒక్క మాట అనక్కర్లేదు, రవ్వలే అనేస్తాయి.

ఇప్పుడు ఆ చివరి లైను. సైజులు నువ్వే చదివి చెప్పాలన్నావు. బిట్టు మీద అంకెలు ఎంత ఉంటాయి, చీమ తలంత. బాబాయికి వయసెంతో రాయలేదు గానీ నీ వయసుని బట్టి యాభై దాటి ఉంటాడు. ఒకప్పుడు కొత్తదానికన్నా బాగా సానపట్టిన మనిషి చేతులు ఇప్పుడు మాత్రం ఎక్కడికి పోయాయి, ఉన్నాయి, నాకు అనుమానం కళ్ళ మీద. సాయంత్రం పూట, ఇంటికొచ్చాక, ఏ వరండాలోనో బల్బు వెలుతురులో, 5 ఎంఎం మొన మీద రెండు అంచులు సమానంగా ఉన్నాయో లేదో చూడాలంటే కుర్రాళ్ళకే కష్టం. నేను హైదరాబాద్ బాలానగర్ వైపు పనిముట్లు తయారుచేసే టూల్ రూమ్‌లో పన్నెండేళ్ళు చేశా, నలభై మూడో ఏట నాకూ ఇదే జరిగింది, నేనూ రాయిని తిట్టా, బిట్లని తిట్టా, ఓ రోజు మా హెల్పర్ కుర్రాడు భూతద్దం తెచ్చి ఏమీ మాట్లాడకుండా నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. రెండు రోజులు వాడితో మాట్లాడలా, కోపం కాదు, సిగ్గు.

ఒక పక్కనుంచే పొట్టు రావడం, 5 బిట్టుకి ఐదున్నర పడటం, రెండూ ఒకే జబ్బుకి లక్షణాలు. బిట్టు మొనకి రెండు కోసే అంచులుంటాయి, రెండూ ఒకే పొడవు, ఒకే వాలు ఉండాలి. ఒకటి పొడవైతే మొన సరిగ్గా మధ్యలో ఉండదు, బిట్టు పక్కకి తిరుగుతూ పెద్ద రంధ్రం వేస్తుంది, పని అంతా ఒక్క అంచే చేస్తుంది, ఆ ఒక్కటీ త్వరగా కాలిపోతుంది. అంచు వెనక వైపు కూడా 8 నుంచి 12 డిగ్రీలు కిందకి వాలి ఉండాలి, వాలు లేకపోతే వెనక భాగం లోహాన్ని రాసుకుంటుంది, అంచు కొయ్యనే కొయ్యదు, ఎంత బలం పెట్టినా పొగ తప్ప ఏమీ రాదు. ఎస్ఎస్ మీద అలాంటి బిట్టు పెడితే ఏమవుతుందో పైన చెప్పా కదా. ఇంకోటి, చాలాసార్లు సానపట్టి పొట్టి అయిపోయిన బిట్లలో నడిమి భాగం లావుగా ఉంటుంది, ఎందుకంటే తోక వైపు వెళ్ళే కొద్దీ ఆ నడుము లావెక్కేలా చేస్తారు, మొన మధ్యలో రెండు అంచుల్నీ కలిపే అడ్డగీత పొడవవుతుంది, అది కొయ్యదు, నెట్టుతుంది అంతే. దాన్ని రాయి అంచుతో సన్నం చెయ్యాలి, లేదా పారెయ్యాలి.

నీ ముందు ఇప్పుడు ఏమేం దారులున్నాయో చూద్దాం. సానపట్టడం ఆపేసి ఎప్పుడూ కొత్తవే కొనడం ఒక దారి. 3, 4 ఎంఎం బిట్లకి నిజంగా అదే మేలు, వాటి మీద గంటలు తగలెయ్యడం దండగ. కానీ 8, 10, 12 బిట్లు ఒకసారి మొద్దుబారగానే పారేస్తే జేబుకి తెలుస్తుంది, పైగా ఇరవై ముప్పై ఏళ్ళుగా సాయంత్రం ఆ గ్రైండర్ దగ్గర కూర్చునే మనిషిని నువ్వు పక్కకి లేపేసినట్టు అవుతుంది, ఆయన పైకి ఏమీ అనడు, కొన్నాళ్ళకి పనికి రావడమే తగ్గిస్తాడు. సాన బయట పట్టించొచ్చు, లేదా బిట్టు పట్టుకునే జిగ్గు కొనొచ్చు. చవక జిగ్గుల్లో లూజు ఎక్కువ, నాకు పెద్ద నమ్మకం లేదు, పెద్ద బిట్లకి మాత్రం కాస్త పనికొస్తాయి.

నాకు నచ్చేది ఇంకోటి, నచ్చింది కదా అని నువ్వు చెయ్యాల్సిన పని లేదు. బాబాయి దగ్గర సానపట్టడం నేర్చుకో. చెయ్యి ఆయనది, కన్ను నీది. "బాబాయ్, నాకు ఈ విద్య రాదు, నువ్వున్నప్పుడే నేర్పు" అను, ఇది అబద్ధం కూడా కాదు కదా. ఆయన బిట్టు రాయికి ఆనించి మణికట్టు తిప్పే తీరు పుస్తకంలో రాదు. నువ్వు ప్రతిదాన్నీ మొన సరిచూసే గేజులో (అది ఎలా చేసుకోవాలో చివర్లో చెబుతా) పెట్టి చూసి ఎడమ అంచు అర మిల్లీమీటరు పొడవుంది అని చెప్పు. చదువుకున్నోడు కొలత చెబుతున్నాడు, తప్పు పట్టట్లేదు, అన్నట్టు ఉంటుంది. ఇందులో నష్టం ఏంటంటే టైము, మొదటి నెలలో నువ్వు డజను బిట్లు పాడుచేస్తావు, ఆయన విసుక్కుంటాడు, మీ ఆవిడ ఇంకా విడిగా వెళ్ళమనే అంటుంది.

కళ్ళ మాట మాత్రం నేరుగా చెప్పకు, సాన గురించి గొడవ జరిగిన రోజున అసలే చెప్పకు. షుగరు పరీక్షకో దేనికో ఊళ్ళో క్యాంపు పెడితే ఇద్దరూ కలిసి వెళ్ళి కళ్ళు చూపించుకోండి, నువ్వు కూడా చూపించుకో. దగ్గరచూపు అద్దాలు పెట్టుకుని ఆయన మొదటిసారి తన పాత బిట్టు మొన చూసుకున్నప్పుడు పక్కన నువ్వు ఉండకపోతే ఇంకా మంచిది. గ్రైండర్ దగ్గర ఓ మంచి ఎల్ఈడీ లైటు పెట్టడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, అది రేపే చెయ్. చదివే అద్దాలు రవ్వల నుంచి కాపాడవు, వాటి మీద పెట్టుకునే పెద్ద గాగుల్స్ వేరే ఉంటాయి. గుడ్డ గ్లోవ్స్ వేసుకుని మాత్రం గ్రైండర్ దగ్గరికీ తిరిగే డ్రిల్లు దగ్గరికీ వెళ్ళొద్దు ఇద్దరూ, దారం చుట్టుకుంటే వేలు కూడా చుట్టుకుంటుంది.

విడిపోవడం గురించి. వెళ్ళొద్దు అని నేను చెప్పను, అది నీ ఇల్లు, నీ సంసారం. కానీ ఒకటి ఆలోచించు, ఫ్రెండు దగ్గరికి వెళ్ళినా విట్రిఫైడ్ టైలు అదే, ఎస్ఎస్ అదే, స్పీడు తెలియని చెయ్యి నీది అదే, అక్కడ కూడా పగులుతుంది, కాకపోతే అక్కడ డబ్బు నీ వాటాలోంచి ఫ్రెండు కోస్తాడు. ఈ మూడు విషయాలు సర్దుకున్నాక, ఒక ఆరు నెలలయ్యాక కూడా వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, అప్పుడు పని కోసం వెళ్తావు, కోపంతో కాదు. మధ్యే మార్గం కూడా ఉంది, గోడ పనులు బాబాయి, ఎస్ఎస్ అల్యూమినియం నువ్వు, టైలు అయితే ఇద్దరూ, ఎలాగూ నీళ్ళు పొయ్యడానికి మనిషి కావాలి. దీంట్లో ఒక ఇబ్బంది ఉంది, డబ్బులు ఎక్కువొచ్చే పని నీ వైపు వెళ్తుంది, పంపకం ముందే మాట్లాడుకోకపోతే రేపు అదే తగవు అవుతుంది.

మిషన్ కొత్తది కావాలా అంటే, ఉన్నదాని ట్రిగ్గర్ దగ్గర చిన్న చక్రం ఉందేమో చూడు, దాన్ని తిప్పితే స్పీడు తగ్గుతుంది, ఉంటే ఈఎంఐ మాట మర్చిపో. లేకపోతే స్పీడు తగ్గే మామూలు డ్రిల్లు ఒకటి కొను, ఖరీదైనది అక్కర్లేదు. స్లాబులూ పిల్లర్లూ ఎక్కువ తగులుతుంటే ఎస్‌డీఎస్ ప్లస్ మిషన్ (కాంక్రీటు తొలిచే హ్యామర్ డ్రిల్లు) వేరే, దాని బిట్టు తోక 10 ఎంఎం ఉండి గాడులతో ఉంటుంది, చక్ కీ అక్కర్లేదు, తోకకి కాస్త గ్రీజు రాయాలి. కాంక్రీటు మీద దానికి సాటి లేదు కానీ లోహానికి పనికిరాదు, ఇనప కమ్మీ తగిలి బిట్టు ఆగిపోతే ఇంకా బలంగా నెట్టకు, ఒక అంగుళం జరుపు, గోడ బిట్టుకి అతికించిన కార్బైడ్ మొన గట్టిదే కానీ పెళుసు, కమ్మీ మీద దాని అంచులు ఎగిరిపోతాయి. ఆ కార్బైడ్ మొనని మీ బూడిదరంగు రాయి మీద సానపట్టడం కూడా దండగ, దానికి ఆకుపచ్చ రాయి కావాలి, వేడిగా ఉన్నప్పుడు నీళ్ళలో ముంచితే పగుళ్ళిస్తుంది. హెచ్ఎస్ఎస్‌ని సానపట్టేటప్పుడు మాటిమాటికీ ముంచి చల్లార్చు, ఎర్రగా కాలేదాకా ఉంచి ఒక్కసారి ముంచకు.

ఇంకా ఆ డబ్బా. అన్ని బిట్లూ ఒకే బిస్కట్ డబ్బాలో గలగలమంటుంటాయి కదా, నాకు తెలుసు, అందరిదీ అంతే. అంచులు ఒకదానికొకటి తగిలి పనికి వెళ్ళకముందే సగం మొద్దుబారతాయి. పాత ప్లైవుడ్ ముక్కకి వరసగా రంధ్రాలు వేసి వాటిల్లో నిలబెట్టు, తోకల మీద నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టు, గోడవి ఎరుపు, లోహానివి నీలం, ఎస్ఎస్‌కి కోబాల్ట్‌వి తెలుపు. బాబాయి కూడా ఎవర్నీ అడక్కుండా తీసుకోగలడు. మీ వైపు గాలిలో తేమ ఎక్కువ, నూనె గుడ్డతో తుడిచి పెట్టకపోతే తుప్పు పడుతుంది. చక్ బిగించేటప్పుడు ఒకే కన్నంలో కాదు, మూడు కన్నాల్లోనూ కీ పెట్టి బిగించు, లేకపోతే బిట్టు లోపల జారి తోక మీద గాట్లు పడతాయి, తర్వాత అది నిటారుగా తిరగదు.

6,500 గురించి ఒక్క మాట. అది ఇద్దరి పనిలోంచి పోవాలి, నీ జేబులోంచి ఒక్కటే కాదు, ఆయన మీద రాసెయ్యడమూ కాదు. ఇక ముందు టైలు పని ఒప్పుకునేటప్పుడే తట్టి చూపించి, ఇక్కడ బోలుగా ఉంది, వెయ్యమంటే వేస్తా, పగిలితే మా పూచీ కాదు అని చెప్పు. కొందరు చిరాకు పడతారు, ఒకరిద్దరు వేరేవాళ్ళని పిలుచుకుంటారు కూడా, పడనీ.

గేజు కొనడానికి డబ్బులు తగలెయ్యకు. ఒకే సైజు ఆరు పలకల నట్లు రెండు తీసుకుని పలకకి పలక ఆనించి బల్ల మీద పెట్టు, వాటి మధ్య పైన పడే వి ఆకారం సరిగ్గా 120 డిగ్రీలు, బిట్టు మొన 118, దాదాపు అదే. మొనని ఆ సందులో దించి లైటుకి ఎదురుగా పట్టుకుంటే ఏ అంచు కింద వెలుతురు కనపడుతుందో అటు తప్పున్నట్టు. మీ దగ్గర వెల్డింగ్ మిషన్ ఉంటే బాబాయి చేతే రెండు నట్లూ అతికించు, అతికేటప్పుడు సందు లేకుండా బిగించి పట్టుకోమను. చిన్న బిట్లకి 12 ఎంఎం బోల్టు నట్లు చాలు, పది దాటిన వాటికి 16 ఎంఎం బోల్టు నట్లతో ఇంకో జత చేసుకోండి.